దారుగృహానికి రేఖాదేహం

మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ నగరానికి నైరృతి దిశగా, చార్లెస్ నది ఒరసుకొని పారే డెడమ్ అనే పాత పట్టణంలో, పదిహేడవ శతాబ్ది ప్రథమార్ధంలో ఎత్తిన ఒక కొయ్యయిల్లు నేటికీ తన తొలి దూలాల మీదనే నిలిచి ఉన్నది. ఇంగ్లండులోని యార్క్‌షైర్ సీమ నుండి భార్యాబిడ్డలతో 1633లో సముద్రం దాటి వచ్చిన జొనాథన్ ఫెయిర్‌బ్యాంక్స్ అనే గృహస్థు కట్టించుకొన్న ఇల్లు అది. ఉత్తర అమెరికా ఖండంలో వృక్షవలయ పరీక్షతో కాలనిర్ణయం జరిగిన కొయ్యచట్రపు ఇళ్లలో నిలిచి ఉన్నవాటన్నిటికంటె పెద్దవయసు దానిదే. ఆ గృహాన్ని గురించీ, అట్టి గృహాన్ని కొలిచి, గీసి, చదివి భావితరాలకు అప్పగించే విద్యను గురించీ తెలుగులో వెలువడుతున్న ఈ గ్రంథానికి ముందుమాట వ్రాసే అవకాశం నాకు లభించింది. పాఠకులు కాసేపు నా పక్కన కూర్చుండి ఈ నాలుగు మాటలు విని, ఆ పిమ్మట తీరికగా గ్రంథప్రవేశం చేయవచ్చును.

గ్రంథకర్త్రి గోదావరి తీరంలో తరతరాలుగా కొయ్యపనిని నమ్ముకొన్న విశ్వబ్రాహ్మణ కుటుంబంలో జన్మించినది. బాడిస వేటుకు లేచే పేడును చూసి కొయ్య చేవగలదో కాదో చెప్పగల పితామహుని ముంగిట పెరిగి, ఉలి, చిత్రిక, మూలమట్టం మొదలైన పనిముట్ల పేర్లను అక్షరాభ్యాసానికి ముందే నేర్చి, అటుపైన హైదరాబాదులో వాస్తుశిల్పాన్ని శాస్త్రీయంగా అభ్యసించి, వివాహానంతరం మసాచుసెట్స్ చేరుకొని, అక్కడ పురాతన భవన సంరక్షణ విద్యలో పట్టా పొందిన విదుషి ఈమె. ప్రాచీన వాస్తుగ్రంథాల పాఠభేదాలను గూర్చి సందేహాలు అడుగుతూ ఆమె వ్రాసిన ఉత్తరాలతో మా పరిచయం ప్రారంభమైంది. ఆ ఉత్తరాలలో ప్రతిదానికీ వెనుక ఒక చిన్న రేఖాచిత్రం ఉండేది. మాటతో చెప్పగలిగినదాన్ని మాటతోను, మాటకు లొంగనిదాన్ని గీతతోను చెప్పే ఆ అలవాటే నేడు పెరిగి పెద్దదై గ్రంథరూపం దాల్చినదని నా అభిప్రాయం.

ఈ విద్యకు ఒక వంశచరిత్ర ఉన్నది. గ్రంథంలోని ద్వితీయాధ్యాయం దానికే అంకితం. అమెరికాలో ఒక ఇంటిని సాంతం కొలిచి పటాలు గీసిన తొలి సందర్భాలలో ఒకటి, విషాదకరంగా, ఆ ఇంటి మరణశయ్య దగ్గర జరిగింది. బోస్టన్ నగరంలోని బీకన్ హిల్ మీద థామస్ హాంకాక్ అనే వర్తకుడు 1737లో రాతితో నిర్మించిన సౌధం, అతని అన్న కుమారుడు జాన్ హాంకాక్‌కు సంక్రమించింది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద పెద్ద పెద్ద అక్షరాలతో తొలి సంతకం చేసిన జాన్ హాంకాక్ ఈయనే. అంతటి ఇంటిని నిలుపుకొనడానికి జరిగిన ప్రయత్నాలు ఫలించక, 1863లో అది నేలమట్టమైంది. ఆ కూల్చివేతకు ముందు జాన్ హబ్బర్డ్ స్టర్జిస్ అనే వాస్తుశిల్పి లోపలికి ప్రవేశించి, గదులనూ మెట్లనూ ద్వారబంధాలనూ కొలిచి గీసి పెట్టుకొన్నాడు. ఇల్లు పోయింది, పటాలు మిగిలినవి. 1893 నాటి షికాగో మహాప్రదర్శనలో, అంటే వివేకానందస్వామి ప్రసంగించిన ఆ ఉత్సవ సందర్భంలోనే, మసాచుసెట్స్ రాష్ట్రం తన భవనాన్ని హాంకాక్ సౌధాన్ని పోలినట్లుగా కట్టించుకొన్నది. చేజేతులా కూల్చుకొన్నదాన్ని ముప్పయి ఏండ్లకు సుదూర నగరంలో సున్నంతోను కొయ్యతోను అనుకరించవలసి వచ్చిన ఆ వైచిత్రిని గ్రంథకర్త్రి ఒక్క పేరాలో చెప్పి ఊరుకొన్నది. నేనైతే అక్కడ కొంచెం దెప్పేవాణ్ణి.

అటుపైన కథ వేగంగా నడుస్తుంది. 1877లో మెకిమ్, మీడ్, వైట్, బిగెలో అనే నలుగురు యువ వాస్తుశిల్పులు న్యూ ఇంగ్లండు తీరపట్టణాలలో పాత ఇళ్లను చూస్తూ, గీస్తూ చేసిన యాత్ర, 1895లో ఐషమ్, బ్రౌన్ అనే ఇద్దరు రోడ్ ఐలాండ్ గృహాల మీద వెలువరించిన గ్రంథం, 1910లో విలియం సమ్నర్ యాపిల్టన్ న్యూ ఇంగ్లండు పురాతన వస్తు సంరక్షణకై స్థాపించిన సంఘం, 1922లో ఫిస్కీ కింబాల్, 1924లో ఫ్రెడరిక్ కెల్లీ ప్రచురించిన గ్రంథాలు, ఇవన్నీ ఒకదాని భుజం మీద ఒకటి నిలిచి పెరిగిన పరంపర. వీటిలో 1939లో వెలువడిన హెరాల్డ్ షర్ట్‌లెఫ్ గ్రంథాన్ని ప్రత్యేకంగా స్మరించాలి. ఇంగ్లండు నుండి వచ్చిన తొలి వలసదారులు గుండ్రటి దుంగలను ఒకదాని మీద ఒకటి పేర్చిన గుడిసెలలో కాపురం చేశారని అమెరికా జనసామాన్యం గాఢంగా నమ్ముతూ వచ్చిన కథను, అది వట్టి కథ మాత్రమేనని, వారు తమ దేశంలో ఎరిగిన చట్రపు ఇళ్లనే ఇక్కడా కట్టుకొన్నారని, ఆధారాల మీద ఆధారాలు పేర్చి ఆయన రుజువు చేశాడు. ఫెయిర్‌బ్యాంక్స్ గృహం ఆ రుజువుకు కొయ్యలో నిలిచిన సాక్ష్యం.

ఈ పరంపరను ప్రభుత్వ కార్యంగా మార్చినది ఆర్థిక మాంద్యం. 1933 నవంబరులో జాతీయ ఉద్యానవనాల శాఖలో పనిచేస్తున్న చార్లెస్ పీటర్సన్ అనే యువకుడు పై అధికారులకు ఒక విజ్ఞప్తిపత్రం సమర్పించాడు. కట్టడానికి కొత్త భవనాలు లేక వాస్తుశిల్పులు, పటలేఖకులు వీధిన పడ్డారు. చూసేవాడు లేక పాత భవనాలు రాలిపోతున్నవి. ఈ ఇద్దరు నిర్భాగ్యులనూ ఒకచోట చేర్చి, ఆ నిరుద్యోగుల చేత దేశంలోని పురాతన కట్టడాలను కొలిపించి గీయిస్తే ఉభయతారకంగా ఉంటుందని దాని సారాంశం. అనుమతి వారాలలో వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాల వేగం ఎరిగినవారికి ఇది అద్భుతరస ఘట్టమే. మరుసటి ఏడు జాతీయ ఉద్యానవనాల శాఖ, కాంగ్రెస్ గ్రంథాలయం, అమెరికా వాస్తుశిల్పుల సంస్థ కలిసి ఒడంబడిక చేసుకొన్నవి. ఒకరు పని చేయించాలి, ఒకరు భద్రపరచాలి, ఒకరు నిపుణులను సమకూర్చాలి. అట్లా పుట్టిన చారిత్రక అమెరికా భవన సర్వేక్షణ నేటికీ కొనసాగుతున్నది. దాని తోబుట్టువులైన సర్వేక్షణలతో కలిపి నలభై వేలకు పైబడిన కట్టడాల పటాలు, ఛాయాచిత్రాలు, చరిత్రలు నేడు కాంగ్రెస్ గ్రంథాలయంలో ఎవరైనా రుసుము లేకుండా చూసి వాడుకొనగలిగే ప్రజాధనమై ఉన్నవి. డెడమ్ ఇల్లు కూడా ఆ భాండాగారంలో చేరినదే. ఆ సర్వేక్షణ నియమం ప్రకారం తయారైన పత్రం అయిదు వందల ఏండ్లు మన్నాలి. అందుచేతనే ఛాయాచిత్రాలను పెద్ద ఫిల్ము మీద నలుపు తెలుపులలో తీసి దాచడం వారి సంప్రదాయం. తాళపత్రానికి పసుపు నూనె పట్టించి ఎర్రని గుడ్డలో చుట్టి దాచిన మన లేఖకులు ఈ నియమాన్ని చదివితే ఆత్మీయులను చూసినట్లు తలలూపేవారు.

ఇక కొలవడమనే క్రియ. వినడానికి దీనంతటి సులువైన పని లేదు. టేపు చివర ఒకరు పట్టుకొంటే మరొకరు చదవడమే కదా అనిపిస్తుంది. కాని మూడున్నర శతాబ్దాలకు పైగా భూమిలోకి కుంగుతూ, ఎండకూ మంచుకూ వంగుతూ వచ్చిన ఇంట్లో ఏ మూలా నిజమైన మూల కాదు, ఏ నేలా సమతలం కాదు. నాలుగు గోడల పొడవులు మాత్రమే కొలిచి బల్ల దగ్గర కూర్చొని గీస్తే గది చక్కని దీర్ఘచతురస్రమై, ఇల్లు తన వయసునంతా పోగొట్టుకొన్న అబద్ధమై తేలుతుంది. అందువల్ల మూలకూ మూలకూ అడ్డంగా కర్ణాలను కూడా కొలుస్తారు. టేపు కొనను ఒకే మూల దగ్గర కదలకుండా నిలిపి కిటికీ, ద్వారం, స్తంభం వరుసగా ఎంతెంత దూరంలో ఉన్నవో ఒకే పరుగులో చదువుతారు. అట్లా కాక ముక్కముక్కగా కొలిచి కూడితే, ఒక్కొక్క ముక్కలో దొర్లిన గీతమందం పొరపాటు చివరకు బెత్తెడవుతుంది. దారానికి గుండు కట్టి వేలాడదీసి గోడ ఎంత ఒరిగినదో చూస్తారు. చదివిన అంకెను ఎదుటివారు తిరిగి పైకి పలికిన తరువాతనే పుస్తకంలో వ్రాస్తారు. ఆ క్షేత్రపుస్తకాలను, మట్టిమరకలతో సహా, తుది పటాలతోపాటు భద్రపరచడం నియమం. ఎందుకంటే పటంలో సందేహం కలిగితే మూలానికి వెళ్లి చూడాలి కదా. అడుగుకు పావు అంగుళం చొప్పున ప్లాను, ఎలివేషన్, సెక్షన్ తయారవుతాయి. సూక్ష్మాంశాలకు అంతకంటె పెద్ద కొలమానం వాడతారు. ఈ అధ్యాయాన్ని మన వాస్తుకళాశాలల విద్యార్థులు తరగతి పాఠంగా పెట్టుకొనదగును.

ఇప్పుడు ఆ ఇంట్లోకి అడుగు పెట్టుదము. తొలి నిర్మాణం నిరాడంబరమైనది. నడుమ ఒక భారీ పొగగూడు, దానికి చెరొక పక్క ఒక్కొక్క గది, పై అంతస్తులో అదే అమరిక, ఆపైన నిటారైన కప్పు. వాకిలి తెరిచి లోపలికి వెళితే ఎదురుగా పొగగూటి వీపు, దాని ముందు ఇరుకైన చిన్న ప్రవేశం. ఒక గదిలో వంట, పని, సందడి. రెండవది మర్యాదగది. గృహస్థ దంపతుల మంచం కూడా అక్కడే వేసుకొనడం ఆ కాలపు ఆచారం. రెండు గదులకూ ఆ ఒక్క పొగగూడే ప్రాణం. మసాచుసెట్స్ చలిలో నిప్పు ఇంటి నడుమనే ఉండాలి. వెలుపలి గోడకు చేరితే వేడి సగం వీధిపాలవుతుంది. ఇంగ్లండులో చట్రపు స్తంభాల నడుమ తడికె అల్లి మట్టి మెత్తి, చట్రాన్ని బయటికి కనపడేట్లు విడిచిపెట్టడం వాడుక. ఇక్కడి గాలివానలకూ మంచుకూ ఆ మట్టి నిలవదు. కనుక వలస వచ్చినవారు బయట పలుచని పలకలను ఒకదాని అంచు మీదకు ఇంకొకటి వచ్చేటట్లు కొట్టి ఇంటికి చొక్కా తొడిగారు. అడవి నిండా ఓక్ వృక్షాలుండగా పలకలకు కొదువ లేదు.

గ్రంథంలో నా మనస్సును అన్నిటికంటె ఎక్కువగా ఆకట్టుకొన్న పుటలు చట్రాన్ని గూర్చినవి. ఆ కాలపు వడ్రంగి కొయ్యను ఎండబెట్టి వాడలేదు. నరికిన ఓక్ చెట్టును పచ్చిగా ఉండగానే గొడ్డలితో పలకలు దీర్చి, నేల మీదనే చట్రాన్నంతా పరిచి, ఒక కొయ్య కొనను నాలుకగా చెక్కి, దానికి జోడైన కొయ్యలో గూడు తొలిచి, ఆ నాలుకను ఈ గూటిలో దూర్చి, అడ్డంగా కొయ్య చీల దిగగొట్టేవాడు. గూటి బెజ్జానికీ నాలుక బెజ్జానికీ మధ్య కావాలనే వెంట్రుకవాసి తేడా పెడతాడు. చీల దిగుతున్నకొద్దీ ఆ తేడా రెండు కొయ్యలనూ బిగదీసి ఒకదానికొకటి అంటిస్తుంది. ప్రతి అతుకూ దాని జోడు కోసమే చెక్కినది కనుక వేరొకచోట ఇమడదు. అందుచేత విప్పి మళ్లీ నిలబెట్టేటప్పుడు పొరబడకుండా కొయ్యల మీద ఉలితో రోమను అంకెలు కొట్టి పెట్టుకొనేవారు. మర్యాదగది కప్పును మోసే నడిదూలం అంచులను ఏటవాలుగా చెక్కి, స్తంభాన్ని చేరుకొనే చోట ఆ చెక్కడాన్ని ఒక చిన్న వంపుతో ఆపడం ఆనాటి సొగసు. పది అంగుళాల మేర ఉండే ఆ వంపును నిజపరిమాణంలో గీసి, ఉలి ఎటునుండి ఎటు నడిచినదో, ఎక్కడ చేయి ఆగి మళ్లీ మొదలైనదో గ్రంథకర్త్రి వివరించిన తీరు వడ్రంగి ఇంటి బిడ్డకు తప్ప అన్యులకు అలవడనిది. మయమతం అనే ప్రాచీన వాస్తుగ్రంథంలో కొయ్య అతుకుల కోసమే సంధికర్మ అనే అధ్యాయం ఒకటి ఉన్నదని పాఠకులలో కొందరెరుగుదురు. ఆమె దాన్ని తలచి, రెండు సంప్రదాయాలకూ సంబంధం అంటగట్టకుండా, ఒకే సమస్యను రెండు దేశాల కొయ్యపనివారు ఎట్లా పరిష్కరించుకొన్నారో మాత్రమే చెప్పి విరమించింది. ఈ సంయమనం ప్రశంసార్హం. సముద్రం అవతల మంచిది ఏది కనిపించినా దాని వేరు మన పెరట్లోనే ఉన్నదనే పండితులు మనలో తక్కువ కారు.

కాలనిర్ణయ ప్రకరణం మరొక రత్నం. కుటుంబంలో పరంపరగా చెప్పుకొంటూ వచ్చిన సంవత్సరం 1636. ఇటువంటి కుటుంబకథలను శాస్త్రజ్ఞులు సామాన్యంగా చిరునవ్వుతో వింటారు. తమ ఇల్లు పొరుగువాడి ఇంటికంటె ఒక తరం పాతదని చెప్పుకొనడం మానవసహజం. న్యూ ఇంగ్లండులో 1640ల నాటివని బోర్డులు పెట్టుకొన్న ఇళ్లు కొన్ని పరీక్షకు నిలిచేసరికి అయిదారు దశాబ్దాలు చిన్నవై తేలినవి. పరీక్ష విధానం ఇది. దూలంలోకి పెన్సిలు లావు గొట్టాన్ని దింపి కొయ్యకడ్డీ ఒకటి వెలికి తీస్తారు. వానలు మెండైన ఏటి వలయం వెడల్పు, కరవు ఏటి వలయం సన్నం. ఈ వెడల్పుల వరుసను ఆ ప్రాంతపు వృక్షాలకు ముందే సిద్ధం చేసి ఉంచిన ప్రామాణిక వరుసతో పోల్చి, ఎక్కడ అతుకుతుందో చూస్తారు. దూలం అంచున బెరడు ఆనవాలు మిగిలి ఉంటే, ఆ బెరడు కిందనున్న చివరి వలయమే చెట్టు నేలకూలిన సంవత్సరం. పచ్చికొయ్యనే వాడేవారు కనుక కట్టిన కాలం దానికి దగ్గరలోనే ఉంటుంది. చెక్కేటప్పుడు అంచు పోయి ఉంటే మాత్రం సంవత్సరం చెప్పడం కుదరదు. కనుక అందంగా పలకలు దీరిన దూలం కంటె, ఒక మూల బెరడు మిగిలిన మొరటు దూలమే చరిత్రకారుడికి ఆప్తం. డెడమ్ గృహం విషయంలో ఫలితం 1637 నుండి 1641 వరకు వచ్చింది. నోటిమాటకూ చెట్టుమాటకూ నడుమ దూరం ఇంతేనా అని ఎవరైనా ఆశ్చర్యపడవలసిందే. గ్రంథకర్త్రి ఈ సందర్భంలో కుటుంబస్మృతిని గౌరవిస్తూనే, పటాల మీద సంవత్సరం వ్రాయవలసి వచ్చినప్పుడు వలయాలు చెప్పినదాన్నే వ్రాసింది.

నేను జీవితమంతా తాళపత్ర ప్రతుల పరిష్కరణలో గడిపినవాణ్ణి. కాబట్టి ఈ ఇంటి కథలో నాకు కనిపించినది ఒక బహుకర్తృకమైన గ్రంథం. మూలనిర్మాణం వెనుక పదిహేడవ శతాబ్దిలోనే ఒక వసారా చేరింది. తరువాతి తరాలు ఇరుపక్కలా మడతకప్పుల గదులు చేర్చుకొన్నవి. పెళ్లిళ్లు, పంపకాలు, వృద్ధులకొక మూల, కొత్తకోడలికొక మూల, ఇట్లా ఇల్లు పెరిగింది. పరిష్కర్తకు ఇక్కడే పరీక్ష. ప్రక్షిప్తాలన్నీ తీసివేసి మూలకర్త పాఠం మాత్రమే నిలపాలనే ప్రలోభం బలమైనది. బోస్టన్‌లోని పాల్ రివీర్ ఇంటిని 1907, 1908లలో జీర్ణోద్ధరణ చేసిన జోసెఫ్ చాండ్లర్ ఆ మార్గమే అనుసరించి, తరువాత చేరిన మూడవ అంతస్తును తొలగించి, ఇంటిని 1680 ప్రాంతపు రూపానికి వెనక్కు తీసుకొని వెళ్లాడు. ఆయన శ్రద్ధను శంకించలేము. అయినా ఆ మూడవ అంతస్తులో నివసించిన తరాల సాక్ష్యం దానితోనే పోయింది. ఫెయిర్‌బ్యాంక్స్ గృహానికి అటువంటి శస్త్రచికిత్స జరగలేదు. వసారా వచ్చి ఆనుకొన్నప్పుడు ఇటువంటి ఇళ్లలో ఒకప్పటి వెలుపలి గోడ లోపలి గోడ అవుతుంది. వానదెబ్బ తప్పించుకొన్న ఆ గోడ మీద పాత పనితనం ముసుగులో దాచినట్లు నిలిచిపోతుంది. అంటే ప్రక్షిప్తమే మూలాన్ని కాపాడిందన్నమాట. ఈ సూక్ష్మాన్ని గ్రహించి, ఎనిమిది తరాల చేర్పులను వేర్వేరు గీతల మందంతో ఒకే పటంలో చూపడం ఈ గ్రంథం సాధించిన ఘనకార్యం. ఏబట్ లొవెల్ కమింగ్స్ 1979లో మసాచుసెట్స్ తీరప్రాంతపు చట్రగృహాల మీద వెలువరించిన మహాగ్రంథం ఈ రంగానికి ప్రమాణం. ఆ వెలుగులో నడుస్తూనే ఈమె తన కంటితో చూసింది.

ఇంట్లో మనుషులూ ఉన్నారు. జొనాథన్ గృహస్థు ఊరి నిబంధనపత్రం మీద సంతకం చేసినా, బహిరంగంగా విశ్వాసప్రకటన చేయడం మీద శంకలుండి, చర్చిలో చేరడానికి 1646 దాకా తాత్సారం చేశాడు. 1668లో కన్నుమూశాడు. వంశంలో జేసన్ అనే యువకుడు 1801లో ఒక యువతి హత్యానేరానికి ఉరికంబం ఎక్కాడు. గ్రంథకర్త్రి ఈ ఘట్టాన్ని రెండు వాక్యాలలో దాటడం సబబే, కొయ్యకు దానితో పనిలేదు. గోడలలోను పొగగూటి చెంతను దాచిన పాత చెప్పులు, దుష్టశక్తులు లోపలికి రాకుండా గీసిన ఆరురేకుల వృత్తాలు మాత్రం ఆమెను చాలాసేపు నిలిపినవి. కడుతున్న ఇంటి మీద పాతచెప్పు వేలాడదీసే మనవారికి దీన్ని విడమరచి చెప్పనవసరం లేదు. దృష్టి తగలకూడదనే భయం ప్యూరిటన్ ఇంటికీ తప్పలేదు. ఎనిమిదవ తరంలో చివరగా అక్కడ నివసించిన రెబెక్కా ఫెయిర్‌బ్యాంక్స్ 1904లో ఇల్లు విడిచింది. అదే సంవత్సరం వంశీయుల సంఘం దాన్ని కొని, నాటి నుండి ప్రదర్శనశాలగా కాపాడుతున్నది. ఎక్కడెక్కడో చెదిరిన దాయాదులంతా ఒక పాతయింటి కోసం చందాలు వేసుకొని ఏకమవడం మన దేశంలో కోర్టుపక్షులకు నమ్మశక్యం కాని వార్త.

పెద్దవాడిగా రెండు మాటలు నిష్ఠురంగానూ చెప్పవలసి ఉన్నది. ఆ ఇంటికి దూలాలనిచ్చిన అడవి మసాచుసెట్ అనే ఆదివాసుల భూమి. రాష్ట్రానికి పేరు వారిదే. వారిని గురించి ఈ గ్రంథంలో ఒక పుట అయినా నిండలేదు. నేల ఎవరిదో చెప్పని నేలపటం సమగ్రం కానేరదు. మలిముద్రణలో ఒక అధ్యాయం చేర్చవలసిందిగా కోరుతున్నాను. లేసరు కిరణాలతో నిమిషాలలో లక్షల బిందువులను సేకరించే యంత్రాలను గ్రంథకర్త్రి కొంత ఎక్కువగానే శ్లాఘించినట్లు తోస్తుంది. గోడ ఎంత ఒరిగినదో యంత్రం మనకంటె బాగా చెబుతుంది, ఒప్పుకొంటాను. కాని ఆ దూలపు వంపు దగ్గర ఉలి ఆగి మళ్లీ మొదలైన చోటును కనిపెట్టినది ఆమె వేలికొనలు. తన పుటలే తన వాదానికి ఎదురుసాక్ష్యం చెబుతున్నవి.

పరిభాష విషయంలో ఆమె తీసుకొన్న నిర్ణయం నాకు నచ్చింది. మన వడ్రంగుల నోట నిత్యం పలికే దూలం, వాసం, నిట్రాడు, చీల వంటి మాటలు సరిపోయినచోట వాటినే వాడి, సరిపోనిచోట ఆ వస్తువును వర్ణించి, సంస్కృత సమాసాలను కూర్చి కొత్త మాటలు తయారు చేయవలసిన అగత్యం కల్పించుకొనలేదు. సమాసాల మీద మోజున్న నావంటి వాడు ఈ మాట అంటున్నాడంటే పాఠకులు నమ్మవచ్చును. ఫలితంగా ఈ గ్రంథాన్ని వాస్తుకళాశాల ఆచార్యుడెంత సుఖంగా చదువగలడో, రాజోలు సంతలో తలుపులు చేసి అమ్ముకొనే వృద్ధ వడ్రంగి కూడా అంత సుఖంగా చదివించుకొని వినగలడు. అతడు వింటే బహుశా ఆచార్యుని కంటె ఎక్కువ ప్రశ్నలు వేస్తాడు. ఆ ప్రశ్నలకు సమాధానాలు అనుబంధంలో ఉన్నవి.

గ్రంథం చివర మడిచి కుట్టిన పెద్ద పటం ఒకటి ఉన్నది. ఇంటిని పొగగూటి మీదుగా నిలువునా కోసి చూపే సెక్షన్ అది. చదవడం మొదలుపెట్టే ముందే దాన్ని విప్పి బల్ల మీద పరచుకొనవలసిందిగా పాఠకులకు నా సలహా. అధ్యాయాలలో వచ్చే సంఖ్యలన్నీ ఆ పటంలోని కొయ్యలను సూచించేవే. మొదట మర్యాదగది నడిదూలాన్ని గుర్తుపట్టండి. అది ఏ స్తంభం మీద వాలినదో, ఆ స్తంభం దేని మీద నిలిచినదో వేలితో తడిమి తెలుసుకొని, అక్కడి నుండి ప్రథమాధ్యాయానికి రండి.